బియ్యం డబ్బాలో పానాలు

పానాల మూట బల్ల మీద పెట్టినచోటే ఉంది. తెల్లవారుజామున ఉషారాణి రొయ్యల ఫ్యాక్టరీ బస్సెక్కడానికి బయల్దేరినప్పుడు అక్కడే ఉంది, మధ్యాహ్నం బస్సు దిగి ఇంటికొచ్చేసరికీ అక్కడే ఉంది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. దాని గురించి ఎవరూ మాట్లాడనూ లేదు.

నిన్న సాయంత్రం బయటపడింది అది. ఆ ఇంట్లో అన్నానికి ఎసరు పెట్టే ముందు దేవుడి పేరున పిడికెడు బియ్యం తీసి విడిగా కుండలో వేస్తారు. నిన్న ఆ పిడికెడు తియ్యడానికి ఆమె మొగుడు ఆరోన్ డబ్బాలో చెయ్యి పెట్టాడు. నెలాఖరు కావడంతో డబ్బా అడుగంటింది. బియ్యానికి బదులు పాత చీరముక్కలో చుట్టిన నాలుగు పానాలు, ఇంజన్ నాజిల్ విప్పే పనిముట్టు చేతికొచ్చాయి. పోయిన ఏడాది చర్చి కోతపండుగకి గుడిలో కానుకగా ఇచ్చేసిన తన మెకానిక్ పెట్టెలోవే అవి. పెట్టె దేవుడికి పోయింది, ఇవి మాత్రం డబ్బా అడుగున ఉండిపోయాయి. ఎవరు దాచారో అడగాల్సిన పని లేదు. ఆ ఇంట్లో బియ్యం డబ్బా ఉషారాణిదే.

ఆమె చెప్పులు విప్పి అరుగు మీద కూలబడింది. ఐసు నీళ్ళలో రొయ్యలు వొలిచి వొలిచి వేళ్ళు ముడతలు పడి పాలిపోయాయి. కాళ్ళు పీక్కుపోతున్నాయి. పొద్దున్నుంచీ ముసురు పట్టి ఉంది. ఎప్పుడో తెల్లారకముందే పోయిన కరెంటు ఇంకా రాలేదు. లోపల గదిలోంచి మొగుడి గొంతు వినపడుతోంది.

"యజమాని తిరిగొచ్చాడు. వచ్చి... వచ్చి పనివాళ్ళని పిలిచాడు. ఒక పనివాడు ఏం చేశాడు? ఇచ్చినదాన్ని గుంట తవ్వి పాతిపెట్టాడు. ఎందుకు పాతిపెట్టాడు? ఎందుకంటే..."

అక్కడ ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ యజమాని తిరిగొచ్చాడు.

ఆరోన్ ప్రసంగం ఎప్పుడూ ఇంతే. ఎత్తుకోవడం కష్టం, ఎత్తుకున్నాక నడవడం ఇంకా కష్టం. అరకిలోమీటరు అవతల ఆడుతున్న డీజిల్ ఇంజన్ చప్పుడు విని దాని రోగం ఏమిటో చెప్పేసే మనిషికి, తన మాట ఎక్కడ ఆగిపోతోందో మాత్రం అంతుపట్టదు. వీధి చివర రేకుల షెడ్డులో ఆదివారం ఆ ప్రసంగం వినే పిడికెడు మందిలో సగం మంది మొహమాటానికి వస్తారు. మిగతా సగం మంది ఉషారాణి ఏమనుకుంటుందోనని వస్తారు. అది ఊళ్ళో అందరికీ తెలుసు, ఒక్క ఆరోన్‌కి తప్ప. కాదు, ఆరోన్‌కీ తెలుసేమోనని ఈమధ్య ఆమెకి అనుమానంగా ఉంది. అందుకే తెల్లవారింది మొదలు చీకటి పడేదాకా ఆ గదిలో కూర్చుని అవే నాలుగు మాటలు రుబ్బుతున్నాడు.

"వచ్చావా అమ్మాయ్," అంది మంచం మీంచి అత్తగారు అప్పాయమ్మ. "వాడు పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఉపవాసమంట."

"మీరు తిన్నారా అత్తయ్యా?"

"వాడు తినకుండా నాకెలా సయిస్తుందే?"

అంటే పొయ్యి వెలగలేదన్నమాట. ఉషారాణి లేవాలనుకుంది గాని లేవలేదు. ఇంకొక్క నిమిషం, అనుకుంది. ఈ ఏడాదిలో ఆమె తనకోసం అడిగింది ఆ ఒక్క నిమిషమే, అదీ సరిగా దొరకలేదు.

గొంతు వినే కాబోలు, ఆరోన్ గది గుమ్మంలోకి వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. చొక్కా మాత్రం తెల్లగా ఉంది. గ్రీజు మరకల చొక్కాలు ఉతికి ఉతికి విసుక్కునే ఉషారాణికి ఆ తెలుపు ఎందుకో ఎప్పటికీ అలవాటు కాలేదు.

"దేవుడికి ఇచ్చేశానని చెప్పాను కదా ఉషా," అన్నాడు.

"ఇచ్చారు."

"పెట్టంతా ఇచ్చాననుకున్నాను. గుమ్మడికాయల మధ్య, నాటుకోళ్ళ మధ్య పెట్టి వేలం వేశారు. మెకానిక్ చిట్టియ్య పాడుకుని పట్టుకుపోయాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నావు."

"ఉన్నాను."

"పొలం అమ్మి, సగం దాచుకుని, అంతా తెచ్చేశామని అబద్ధమాడిన మొగుడూ పెళ్ళాలు ఏమయ్యారో నీకు తెలీదా? సండే స్కూల్లో పిల్లలకి ఆ కథ నువ్వే చెప్పేదానివి."

"తెలుసండీ. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు పడిపోయి చచ్చిపోయారు."

"తెలిసే దాచావా?"

"తెలిసే దాచాను. రోజూ ఆ డబ్బాలో చెయ్యి పెట్టినప్పుడల్లా నాకు గుండె దడగానే ఉండేది. అయినా తియ్యలేదు."

ఆమె తిడుతుందనో ఏడుస్తుందనో అనుకున్నాడేమో ఆరోన్, ఇంత నెమ్మదిగా ఒప్పుకుంటే ఏం చెయ్యాలో తోచలేదు. వాన చూరు మీంచి ధారగా పడుతోంది. అప్పాయమ్మ చీర చెంగు వేలికి చుట్టుకుంటోంది.

"ఎందుకు?" అన్నాడు చివరికి.

ఉషారాణికి చాలా జవాబులు తట్టాయి. ఫ్యాక్టరీ బస్సు గురించి చెప్పొచ్చు. గోరు చుట్టూ పుండ్లు పడ్డ వేళ్ళు చూపించొచ్చు. కానీ వాటికోసం దాచలేదని ఆమెకి తెలుసు.

"పెళ్ళైన కొత్తలో మీరు ఇంజన్ల షెడ్డులో పని చేస్తుంటే నేను అన్నం క్యారేజీ పట్టుకొచ్చి పక్కన కూర్చునేదాన్ని. గుర్తుందా? మీరు నాజిల్ విప్పుతూ, తుడుస్తూ, నాకు తెలీని పాటలన్నీ పాడుకునేవారు. స్తుతి పాటలే. గుడిలో కూడా మీరంత బాగా పాడేవారు కాదు. పని మానేశాక మీరు పాడింది నేను వినలేదండీ. ఆ పాట మళ్ళీ ఎప్పుడైనా వస్తుందేమోనని దాచాను. అంతే."

ఆరోన్ మొహం తిప్పుకున్నాడు. గోడకి వేలాడుతున్న క్యాలెండర్ వైపు చూశాడు. రేపటి తేదీ చుట్టూ ఎర్ర సిరాతో గుండ్రంగా గీత ఉంది. రేపు అభిషేకం. రాజమండ్రి నుంచి పెద్ద పాస్టరు అయ్యగారు వచ్చి, తల మీద నూనె పోసి, అతన్ని సేవకుడిగా నిలబెడతారు. ఆ తర్వాత బతికున్నన్నాళ్ళూ చేతులతో ఇంకో పని ముట్టకూడదన్నది వాళ్ళ సంఘం కట్టుబాటు. ఉషారాణికి ఫ్యాక్టరీ కొత్త కాదు. ఇక జీవితాంతం ఇంతే అనుకోవడమే కొత్త. తన పాట్లు సరే, ఈ మనిషి జీవితాంతం ఆ గదిలో కూర్చుని రాని మాటలు వెతుక్కుంటాడన్న ఆలోచనే ఆమెకి మింగుడు పడడం లేదు.

"అయ్యగారు వచ్చేలోగా దీన్ని కాలవలో పడేసి వస్తాను," అన్నాడు. "అప్పుడు ఇచ్చింది ఇచ్చినట్టవుతుంది."

అన్నాడే గాని మూట ముట్టుకోలేదు.

అప్పుడే వీధి గేటు కిర్రుమంది. పక్కవీధి లోవలక్ష్మి, చెంగు నెత్తిన వేసుకుని, మోకాళ్ళ దాకా బురదతో గబగబా లోపలికొచ్చింది. ఆమె మొగుడు వీరబాబు వేటకెళ్ళడం మానేసి, ఊరి బయట రొయ్యల చెరువు కౌలుకి తీసుకుని ఇది రెండో పంట.

"వదినా, అన్నయ్యగారున్నారా?" అంటూనే ఆరోన్‌ని చూసింది. "అన్నయ్యగారూ, మీరొక్కసారి రావాలండి. కరెంటు లేదు కదా, జనరేటరు వేశాం. పొద్దున్నుంచి బాగానే తిరిగింది, ఇందాక దగ్గి దగ్గి ఆగిపోయింది. ఎంత తిప్పినా అందుకోడం లేదు. చెరువులో నీళ్ళకి గాలి కొట్టే చక్రాలు ఆగిపోయాయి."

"చిట్టియ్యని పిలవలేకపోయారా?"

"చిట్టియ్యకి ఈ పూట పది చెరువుల నించి ఫోన్లండి. ఎత్తడం మానేశాడు. ఎండ లేదు, గాలాడడం లేదు, నీళ్ళలో ఊపిరి లేక రొయ్యలు గట్టు పక్కకొచ్చి తలలు పైకి పెడుతున్నాయి. చీకటి పడేలోగా చక్రాలు తిరక్కపోతే మొత్తం తేలిపోతాయి. మా ఆయన గట్టు మీద కూర్చుండిపోయాడు. పిలిస్తే పలకడం లేదండి."

ఆరోన్ చూపు బల్ల మీదకి పోయి, వెనక్కి వచ్చింది.

"ఆ పని వదిలేశాను కదమ్మా లోవలక్ష్మీ. కూర్చో, ప్రార్థన చేస్తాను."

"చెయ్యండి, కాదన్నానా. ఎవరి దేవుడైనా వినేవాడే. ప్రార్థన చేసి, పనిలో పనిగా ఇంజన్ కూడా చూడండి."

"అలా కుదరదు. చిన్నప్పుడే మా అమ్మ నన్ను దేవుడి పనికి మొక్కుకుంది. ఆ మొక్కు తీర్చకుండా ఇన్నేళ్ళు ఇంజన్లు పట్టుకు తిరిగాను. ఇంక వెనక్కి చూడకూడదు."

లోవలక్ష్మి అలా నిలబడి అతన్ని చూసింది. తర్వాత మంచం వైపు తిరిగింది.

"ఏమని మొక్కుకున్నారు పెద్దమ్మా?"

ఆ కథ ఆ చుట్టుపక్కల ప్రార్థన కూడికలకి వెళ్ళేవాళ్ళందరికీ కంఠతా వచ్చు. అప్పుడు ఆరోన్ ఏడేళ్ళవాడు. గట్టు కన్నాల్లో పీతలు పడుతుంటే పాము కరిచింది. కుడి చెయ్యి భుజం దాకా వాచిపోయింది. పెద్దాసుపత్రిలో చెయ్యి తీసెయ్యాలన్నారు. ఆ రాత్రి తల్లి వరండాలో మోకరించి, బతికిస్తే వీణ్ణి నీ సేవకి ఇస్తానని దేవుడికి మాటిచ్చింది. బిడ్డ బతికాడు, చెయ్యీ నిలిచింది. గుడిలో అప్పాయమ్మ చెప్పే సాక్ష్యం అలా మొదలై ఆమెన్లతో ముగుస్తుంది. పోయిన ఏడాది ఉపవాస కూడికల్లో కూడా, మొక్కు తీరని తల్లి ఒకతె ఇక్కడ ఉంది అని ఎవరో ప్రసంగీకుడు అన్నప్పుడే ఆరోన్ లేచి నిలబడి సేవకి ఒప్పుకున్నాడు.

"అదేనే, దేవుడి పనికని," అంది అప్పాయమ్మ.

"అది కాదు పెద్దమ్మా, నోటితో అన్న మాట చెప్పండి. మాకైతే మొక్కు మాట అటూ ఇటూ కాకూడదండి. కోడన్నచోట కొబ్బరికాయ కొడతానంటే అమ్మోరు ఊరుకోదు. మా మామగారు పడవ అడుగుచెక్కకి పసుపు రాస్తానని మొక్కుకుంటే, పడవంతా కొత్తది కొన్నా, ఆ పాత చెక్కే వెతికి పసుపు రాశాం. మీరు ఏమన్నారు? వీణ్ణి ఇస్తానన్నారా?"

అప్పాయమ్మ కళ్ళు కొడుకు కుడి చేతి మీద ఉన్నాయి. మణికట్టు పైన ఆ పాత మచ్చ ఇంకా ఉంది, చిన్న కందిగింజంత.

"చెయ్యి నరికేస్తామన్నారు కదా," అంది నెమ్మదిగా. "నాకింకేం కనపళ్ళేదు, ఆ చెయ్యే కనపడింది. ఇది ఉంచు సామీ అన్నాను. ఇంక ఇది నా కొడుకు చెయ్యి కాదు, నీ చెయ్యి, నువ్వే వాడుకో అన్నాను. అంతే అన్నాను."

"మరి సేవకి ఇచ్చానని..." అన్నాడు ఆరోన్.

"అది పాత పాస్టరమ్మగారి మాట నాయనా. మొదటిసారి సాక్ష్యం చెప్పమంటే అంతమందిలో నాకు నోరు పెగల్లేదు. ఆవిడే నా బదులు చెప్పింది. ఆవిడ చెప్పింది నా కంటే బాగుంది. అందరూ ఆమెన్ అన్నారు. ఆ తర్వాత నేనూ అలాగే చెప్తూ వచ్చాను. నువ్వేమన్నావని నన్ను అడిగినవాళ్ళెవరు?" ఆమె చెంగు వేలి మీంచి విప్పుకుంది. "నీ నోటి సంగతి ఆ రోజు నేనసలు ఎత్తలేదురా."

లోవలక్ష్మి చేతిలో ఫోన్ మోగింది. అవతల వీరబాబు ఏదో కేక వేశాడు. ఆమె ఇంకో మాట లేకుండా, చెంగు నెత్తి మీదకి లాక్కుంటూ వానలోకి పరిగెత్తింది.

ముగ్గురూ మిగిలారు. ఉషారాణికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండింటికీ ఓపిక లేక ఊరుకుంది. ఏడాదిగా తెల్లవారుజాము బస్సులు, రేకుల షెడ్డులో బెంచీలు తుడవడాలు, ఎవరూ వినని ప్రసంగాలకి ముందు వరసలో కూర్చుని తల ఊపడాలు. ఇదంతా ఎవరో ఒకావిడ మంచి మనసుతో బాగా చెప్పిన ఒక మాట మీద నడిచిందా. అత్తగారి మీద కోపం తెచ్చుకుందామనుకుంది. మంచం మీద ఆ ముసలావిడ తన చెంగులో తానే దాక్కుంటున్నట్టు ముడుచుకుపోయి ఉంది. కోపం రాలేదు.

ఆరోన్ తన కుడి చేతిని తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. తర్వాత బల్ల దగ్గరికి వెళ్ళి మూట చేతిలోకి తీసుకున్నాడు.

"ఎక్కడికండీ?"

అతను గొడుగు కూడా తీసుకోకుండా మెట్లు దిగి గేటు దాటాడు. వీధి చివర దారి రెండుగా చీలుతుంది. ఎడమకి వెళ్తే కాలవ, కుడికి వెళ్తే చెరువుల గట్టు. ఉషారాణి లేచి గేటు దాకా వచ్చేసరికి వాన తెరలో మనిషి కనపడలేదు.

ఆమె పొయ్యి వెలిగించింది. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి పిడికెడు తీసి కుండలో వేసింది. చెయ్యి అడుగు దాకా వెళ్ళి ఖాళీగా వచ్చింది. చాలా రోజుల తర్వాత అక్కడ గుండె దడ లేదు, కానీ మనసు తేలిక కూడా కాలేదు. అన్నం ఉడుకుతున్నంతసేపూ ఇంజన్ చప్పుడు కోసం చెవులు బయటే ఉన్నాయి. కరెంటు లేని ఊరు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఆమెకి అప్పుడే తెలిసింది. వాన చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. గాలి కూడా అటు నుంచి ఇటు కొట్టడం లేదు.

పొద్దు వాలుతుండగా అయ్యగారి కారు వచ్చింది.

"వందనాలమ్మా, వందనాలు," అంటూ ఆయన తడి చెప్పులు గుమ్మం బయట విప్పారు. డెబ్బై దాటిన మనిషి. ప్రయాణానికి మొహం వాడిపోయినా నవ్వు మాత్రం తాజాగా ఉంది. ఒక చేతిలో పూతరేకుల పెట్టె, ఇంకో చేతిలో ఇస్త్రీ చేసి కవర్లో పెట్టిన తెల్లటి అంగీ. "దారిలో ఆత్రేయపురంలో ఆగామమ్మా. మీ అత్తగారికి పళ్ళు లేకపోయినా ఇవి తినొచ్చు. ఏడీ మన ఆరోన్? ప్రార్థనలో ఉన్నాడా?"

ఉషారాణి కుర్చీ తుడిచింది. అతను కాలవకి వెళ్ళాడో, చెరువుకి వెళ్ళాడో నిజంగానే ఆమెకి తెలియదు.

"బయటికెళ్ళారండి."

"ఈ వానలోనా?"

"అయ్యగారండి," అంది అప్పాయమ్మ మంచం మీంచి లేవబోతూ. ఉషారాణి వెళ్ళి భుజం పట్టుకుంది. "రేపు గుడిలో నన్నొకసారి నిలబెట్టండి. నా సాక్ష్యం సరిగ్గా లేదు. సరిచేసి చెప్పాలి."

ఆయన ఆశ్చర్యపోతూ కూర్చున్నారు. ముసలావిడ ఇందాక చెప్పినదంతా మళ్ళీ చెప్పింది, ఈసారి తడబడకుండా. ఆయన మధ్యలో ఆపకుండా విన్నారు. విని, కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకున్నారు.

"మీ సాక్ష్యం విని సేవకి వచ్చిన కుర్రాళ్ళు నాకు తెలుసమ్మా," అన్నారు. "రేపు పది ఊళ్ళ వాళ్ళు వస్తున్నారు. వాళ్ళందరి ముందూ అది అలా కాదని చెప్తే, వాళ్ళేం చెయ్యాలి? కాస్త అటూ ఇటూ అయినా దేవుడు వాడుకున్న మాట కదా అది."

"చెయ్యి కూడా ఆయన వాడుకునేదే కదండీ," అంది ఉషారాణి. అనేశాక తనే ఉలిక్కిపడింది. అయ్యగారి ముందు ఆమె ఎప్పుడూ ఎదురు మాట్లాడలేదు.

ఆయన కోపగించుకోలేదు. అలిసిన కళ్ళతో ఆమెని చూశారు. "అది నేను కాదనలేను తల్లీ. కానీ నిర్ణయం నీదీ కాదు, నాదీ కాదు. వాణ్ణి రానీ."

గేటు కిర్రుమంది.

ఆరోన్ నిలువెల్లా తడిసి, గుమ్మం అవతలే నిలబడ్డాడు. లోపల అయ్యగారిని చూడగానే చప్పున చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు, దొంగతనం చేసిన పిల్లాడిలా. మూట చేతిలో ఉందో లేదో ఉషారాణికి కనపడలేదు.

"రా బాబూ, రా. నీకోసమే చూస్తున్నాం," అంటూ ఆయన లేచి కవరు విప్పారు. అంగీ తెల్లగా, మడతలు చెదరకుండా బయటికొచ్చింది. "దర్జీ అంచనాకి కుట్టాడు. ఏదీ, చేతులు చాపు. పొడుగు సరిపోయిందో లేదో చూద్దాం."

ఆరోన్ కదల్లేదు. నీళ్ళు అతని మోచేతుల మీంచి అరుగు మీదకి చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. ఆ చుక్కలు నల్లగా ఉన్నాయి. వాన తడి వాసనలోంచి ఉషారాణికి డీజిల్ వాసన తగిలింది. ఏడాదిగా ఎదురుచూసిన ఆ వాసనకి ఆమె కళ్ళు చెమర్చాయి.

"చాపు బాబూ," అన్నారు అయ్యగారు మళ్ళీ.

ఆరోన్ ఆయన్ని చూడలేదు, ఆ అంగీనీ చూడలేదు. ఉషారాణి వైపు చూశాడు. చేతులు మాత్రం వెనకే ఉన్నాయి.

"చాపండి," అంది ఆమె నెమ్మదిగా. "ఈ ఇంట్లో నేను దాచింది చాలు. మీరు దాచకండి."